మార్సెయ్ రేవు, 12 ఫోటోలు: గాలి తగ్గిన పూట కోసం

ఫ్రాన్సు దక్షిణ తీరంలోని మార్సెయ్‌కి ఉద్యోగానికో చదువుకో వచ్చి, చేతిలో కెమెరా ఉన్న మనవాళ్లు నేను పోగొట్టుకున్నన్ని సాయంత్రాలు పోగొట్టుకోకూడదని ఈ డైరీ రాస్తున్నాను. లక్ష్యం 12 ఫోటోలు. అన్నీ ఏ3 సైజు ప్రింటుకు తట్టుకోవాలి, అన్నీ ఈ రేవు, దాని గుర్తులు, దాని తీరమే కావాలి. బాగా వచ్చిన వాటికంటే చెడిపోయిన వాటి గురించే ఎక్కువ రాశాను. మీకు పనికొచ్చేది అదే.

సామాను: 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 24–70, 70–300 లెన్సులు, 1.6 కిలోల ట్రైపాడ్, రిమోట్, దిక్సూచి ఉన్న ఫోను, ఒక చిన్న నోటుబుక్కు. వీటిలో ఎక్కువ అక్కరకొచ్చింది నోటుబుక్కే.

దశ 1: ఎండ ఎటు నుంచి పడుతోంది (ఏప్రిల్–మే)

మొదటి ఐదు సాయంత్రాలు దండగయ్యాయి. పాత రేవు తూర్పు గట్టు మీద నిలబడి పడమర వైపు, అంటే రేవు నోటి వైపు కెమెరా పెట్టాను. ఎండ నేరుగా లెన్సులో పడింది. అటూ ఇటూ ఉన్న రెండు కోటలు, సేన్-జాన్, సేన్-నికొలా, నల్లటి ముద్దలుగా వచ్చాయి. సేన్-జాన్ కోట రాయికి ఉన్న లేత గులాబీ ఛాయ ఒక్క ఫ్రేములోనూ లేదు.

నేను విశాఖలో పుట్టి పెరిగాను. సముద్రం అంటే పొద్దు పొడిచే దిక్కు అన్నది నా ఒంట్లో ఉంది. మార్సెయ్‌లో సముద్రం పొద్దు గుంకే దిక్కు. తెల్లవారుజామున తీరానికి పరుగెత్తే అలవాటు ఇక్కడ తలకిందులైంది. సాయంత్రం సముద్రం వైపు తిప్పితే అంతా ఎదురెండే. అదే సాయంత్రం సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు తిరిగితే గోడలన్నీ బంగారమే.

ఆరో రోజు ఫోటోలు మానేసి లెక్క వేసుకున్నాను. మార్సెయ్ అక్షాంశం 43.3 డిగ్రీలు. ఉత్తరాన్ని 0 అనుకుని కుడి చేతి వైపుగా లెక్కించే కోణాన్ని దిగంశ అంటారు. తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. ఆ లెక్కలో:

1. జూన్ 21: సూర్యోదయం 57 డిగ్రీల దగ్గర, అస్తమయం 303 దగ్గర. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 70 డిగ్రీలు.
2. మార్చి, సెప్టెంబరు మూడో వారం: ఉదయం 90, అస్తమయం 270.
3. డిసెంబరు 21: ఉదయం 123, అస్తమయం 237. మధ్యాహ్నం ఎత్తు 23 డిగ్రీలే.

అంటే పొద్దు గుంకే చోటు ఏడాదిలో 66 డిగ్రీలు అటూ ఇటూ కదులుతుంది. విశాఖ కంటే ఇది చాలా ఎక్కువ. ఒక ఫోటోకి ‘సాయంత్రం బాగుంటుంది’ అని రాసుకుంటే చాలదు, ఏ నెల సాయంత్రమో కూడా రాయాలి.

నోత్ర్ దామ్ ద లా గార్ద్ దీనికి మంచి ఉదాహరణ. ఊరివాళ్లు ‘బోన్ మేర్’ అంటారు, మంచి తల్లి అని. 1864లో ప్రతిష్ఠ జరిగిన మేరీమాత గుడి (చర్చి), కట్టినవాడు ఎస్పెరాండియూ. పాత రేవు ఉత్తరపు గట్టు నుంచి చూస్తే సరిగ్గా దక్షిణాన, సుమారు 150 మీటర్ల కొండ కొమ్మున ఉంటుంది. మనకు కనిపించేది దాని ఉత్తరపు ముఖం. శీతాకాలంలో సూర్యుడు రోజంతా దక్షిణానే తిరుగుతాడు కాబట్టి ఆ ముఖం నీడలోనే ఉండిపోతుంది. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో నేను తీసిన 60 ఫ్రేముల్లో గుడి బూడిదరంగు కాగితం కత్తిరించి అతికించినట్టుంది. జూన్ సాయంత్రం దాకా ఆగితే, వాయవ్యం నుంచి ఎండ వచ్చి ఆ ముఖానికి తగులుతుంది. ఆ ఫోటోని జూన్‌కి వాయిదా వేశాను.

ఈ దశలో నిలబడింది ఒకటే. ఫారో తోట నుంచి ఉత్తరం వైపు చూస్తే సేన్-జాన్ కోట, ముసెమ్ మ్యూజియం, లా మజోర్ కెథడ్రల్ వరసగా వస్తాయి. సాయంత్రపు ఎండ ఎడమ పక్క నుంచి తగిలి మూడింటికీ అంచులు తేల్చింది. 50 మి.మీ., లెన్సు రంధ్రం ఎఫ్/8, షటర్ 1/160 సెకను.

ఇప్పటిదాకా లెక్క: తిరిగిన రోజులు 9. ఫ్రేములు 412. ఉంచినవి 1. ఖర్చు 0.

దశ 2: గాలి (మే–జూన్)

మిస్త్రాల్ అని ఇక్కడ ఒక గాలి. రోన్ నది లోయ వెంట ఉత్తరం నుంచి దూసుకొచ్చి, మార్సెయ్‌కి వాయవ్యం నుంచి తగులుతుంది. దెబ్బలు గంటకు 100 కి.మీ. దాటే రోజులుంటాయి. అది వీచిందంటే గాలిలో తేమ, ధూళి కొట్టుకుపోతాయి. దూరపు దీవుల మీది రాళ్లు కూడా విడివిడిగా కనిపిస్తాయి. ఫోటో తీసేవాడికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ అదే గాలి ట్రైపాడ్‌ని వణికిస్తుంది, పడవల్ని ఆపేస్తుంది, లెన్సు మీద ఉప్పు చల్లుతుంది. ఈ ప్రాజెక్టంతా ఆ ఒక్క గాలితో బేరమే.

మొదటి దెబ్బ కోర్నీష్ రోడ్డు మీద తగిలింది. సముద్రం పక్కనే వంపులు తిరుగుతూ పోయే రోడ్డు అది. ఎదురుగా షాతో దిఫ్, 16వ శతాబ్దంలో మొదటి ఫ్రాన్స్వా రాజు కట్టించిన దీవి కోట. తీరానికి 1.5 కి.మీ. దూరం. నీళ్లు పాలలా పరుచుకుని కోట మాత్రం గట్టిగా నిలబడాలని 10 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లద్దం, ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది) పెట్టి 60 సెకన్ల ఎక్స్‌పోజర్లు 12 తీశాను. పన్నెండింటిలోనూ కోట గోడకి రెండు అంచులు వచ్చాయి.

సరిచేసిన వరస ఇది. ఒక్కోసారి ఒక్కటే మార్చి, 300 మి.మీ. దగ్గర పెద్దది చేసి చూశాను:

1. మధ్య స్తంభం పూర్తిగా దించేశాను. కాస్త మేలు.
2. కింది కొక్కేనికి సంచి వేలాడదీశాను. ఇంకా చెడింది. సంచి గాలికి ఊగి ట్రైపాడ్‌ని లోలకంలా కొట్టింది. అదే సంచి నేలకు సగం ఆనేలా కడితే ఊగడం ఆగింది.
3. సన్నటి చివరి కాళ్లు లాగకుండా, మోకాళ్ల ఎత్తులో పెట్టి కూర్చుని తీశాను. అన్నిటికంటే పెద్ద తేడా ఇదే.
4. కెమెరా మెడపట్టీ తీసేశాను. అది కొట్టుకునే చప్పుడు వినేదాకా దాని సంగతి తట్టలేదు.
5. 60 సెకన్ల ఒక్క ఎక్స్‌పోజర్ మానేసి, 6 స్టాపుల ఫిల్టర్‌తో 1.5 సెకన్లవి 40 తీసి, కంప్యూటర్లో సగటు చేశాను. గాలి దెబ్బ తగిలిన 11 పారేశాను, 29 మిగిలాయి. నీళ్లు పాలలాగే వచ్చాయి, కోటకి ఒకటే అంచు.

ఐదో మెట్టే అసలు పరిష్కారం. పొడవాటి ఎక్స్‌పోజర్లో ఒక్క కుదుపు చాలు, నిమిషం మొత్తం పోతుంది. ముక్కలు చేసుకుంటే పోయేది ఆ ముక్కే.

ఉప్పు గురించి వేరే చెప్పాలి. ఆ రోజు ఇంటికొచ్చి ఫిల్టర్‌ని టార్చి కింద ఏటవాలుగా పట్టి చూస్తే, అద్దం మీద ఆవగింజలో నాలుగో వంతు మచ్చలు వందలున్నాయి. ఒక్కో మచ్చ చుట్టూ తెల్లటి అంచు, మధ్యలో మెరిసే చిన్న పలుకు. నీటి తుంపర ఎండిపోయి మిగిలిన ఉప్పు అది. అంతకు ముందు అక్కడే, గట్టు మీదే, పొడిగుడ్డతో తుడిచాను. మచ్చలు పోకపోగా కొంగు ఈడ్చినట్టు చార పడింది. పలుకులు అద్దాన్ని గీరాయి కూడా, రెండు సన్నటి గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు చేసేది: ముందు డిస్టిల్డ్ వాటర్ ధారగా పోసి ఉప్పు కరగనివ్వాలి, నీళ్లు జారిపోయాక మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. సంచిలో 200 మి.లీ. సీసా ఎప్పుడూ ఉంటోంది.

అదే కోర్నీష్ మీద నాకు బాగా ఇష్టమైన చిన్న కట్టడం ఒకటుంది, పర్యాటకులు ఆగకుండా దాటిపోతారు. సముద్రమట్టం కొలిచే కేంద్రం. లోపలి బావిలోకి సముద్రపు నీరు వస్తుంది. 1885 ఫిబ్రవరి నుంచి 1897 జనవరి 1 దాకా అక్కడ నీటిమట్టం రాసి, ఆ సగటుని సున్నా అనుకున్నారు. ఫ్రాన్సు ప్రధాన భూభాగంలో ఏ కొండ ఎత్తు చెప్పినా ఆ సున్నా నుంచే. మధ్యధరాలో పోటుపాట్లు చాలా స్వల్పం కాబట్టి ఈ పని ఇక్కడ కుదిరింది. ఫోటోలవాడికీ అదే మేలు. విశాఖలోలా పోటు వేళలు చూసుకుని రాళ్ల మీదికి దిగే పని లేదు. ఇక్కడ నీటిని ఎక్కువ ఎత్తేదీ దించేదీ గాలి, వాతావరణ పీడనం. ఆ కట్టడాన్ని 135 మి.మీ.తో, వెనక సముద్రం గీతలా పెట్టి తీశాను. ఉంచాను.

జూన్ మూడో వారంలో బోన్ మేర్ ఫోటో కుదిరింది. మిస్త్రాల్ రెండు రోజులు వీచి, మూడో సాయంత్రానికి తగ్గింది. ఎండ 297 డిగ్రీల దగ్గర. ఇక్కడ ఒక తప్పు: గోపురం పైన ఉన్న 11.2 మీటర్ల విగ్రహానికి బంగారు పూత ఉంది. మొత్తం హిస్టోగ్రాం (ఫోటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) బాగానే కనిపించింది, తెల్లరాయి కూడా నిలిచింది, కానీ విగ్రహం ముఖం పసుపు ముద్దయిపోయింది. రంగుల వారీగా విడివిడిగా చూస్తే ఎరుపు ఛానెల్ ఒక్కటే గ్రాఫు కుడిగోడకి కొట్టుకుంది. ఎక్స్‌పోజర్ 1.3 స్టాపులు తగ్గించాక చీర మడతల్లాంటి ఆ గీతలు తిరిగొచ్చాయి. బంగారం తీసేటప్పుడు ఎరుపు ఛానెల్ ఒక్కటే చూసుకోండి.

ఇప్పటిదాకా లెక్క: రోజులు 16. ఫ్రేములు 745. ఉంచినవి 3. ఖర్చు 86 యూరోలు, అన్నీ ఫిల్టర్లకే. కోర్నీష్ నుంచి తీసిన కోటని ఈ లెక్కలో వేయలేదు, జూన్ వేడికి దూరపు గాలి మరుగుతున్నట్టు కదిలి కోట రాళ్లు మెత్తబడ్డాయి. చలికాలంలో మళ్లీ తీస్తాను.

దశ 3: అద్దం, జాలీ (జులై)

పాత రేవు గట్టు మీద నార్మన్ ఫోస్టర్ రూపొందించిన ఒంబ్రియేర్ ఉంది. 2013లో మార్సెయ్ యూరప్ సాంస్కృతిక రాజధానిగా ఉన్నప్పుడు వచ్చింది. 46 మీటర్ల పొడవు, 22 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తున అద్దంలా మెరిసే స్టీలు పైకప్పు. కింద నడిచేవాళ్లంతా పైన తలకిందులుగా నడుస్తుంటారు. పొద్దున్నే పక్కనే చేపలు అమ్ముతారు.

తెల్లవారి వెలుతురు తక్కువ కాబట్టి 50 మి.మీ., ఎఫ్/2.8. 70 ఫ్రేములు తీస్తే అన్నిట్లోనూ స్టీలు పలకల అతుకులు స్పష్టంగా ఉన్నాయి, మనుషులు మసక. ఆటోఫోకస్ అతుకుల్ని పట్టుకుంది. అద్దంలోని మనిషి అద్దం మీద లేడు, అద్దం దాకా ఉన్న దూరానికి తిరిగి కిందికి వచ్చే దూరం కలిపినంత దూరంలో ఉన్నాడు. కెమెరా 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే పైకప్పు 4.5 మీటర్లు. ప్రతిబింబంలో మనిషి తల 9 మీటర్లకి కాస్త లోపు, పాదాలు 10.5. చేత్తో ఫోకస్ 9.5 మీటర్ల దగ్గర పెట్టి ఎఫ్/4కి మార్చాను. మరుసటి ఆదివారం ఒకావిడ చేపల బుట్ట ఎత్తుకుని వెళ్తుంటే పైన ఆమె ప్రతిబింబంలో చేప పొలుసు మెరుపు కూడా అందింది.

ముసెమ్ తేలిగ్గా లొంగలేదు. రూడీ రిచ్చోత్తి కట్టిన 72 మీటర్ల చదరపు భవనం, ఇదీ 2013దే. చుట్టూ నల్లటి కాంక్రీటు జాలీ, మన కిటికీ జాలీల్లా కాదు, పగడపు కొమ్మల్లా వంకర. గాజు గోడకీ జాలీకీ మధ్య వాలు దారిలో నడవొచ్చు. లోపల నీడ, రంధ్రాల్లో మండే సముద్రం. ఒక్క చోటి వెలుతురునే కొలిచే స్పాట్ మీటరుతో చూస్తే తేడా 7 స్టాపులు. మూడు ఎక్స్‌పోజర్లు కలిపి చూశాను, నీడలన్నీ వెలిగిపోయి జాలీ ప్లాస్టిక్‌లా కనిపించింది. నచ్చలేదు. చివరికి సముద్రానికే ఎక్స్‌పోజర్ ఇచ్చి, జాలీని నలుపుగా వదిలేసి, నేల మీద పడ్డ నీడల వలలోకి ఒక పిల్లవాడు అడుగు పెట్టేదాకా ఆగాను. 35 నిమిషాలు పట్టింది.

ఇప్పటిదాకా లెక్క: రోజులు 23. ఫ్రేములు 1,130. ఉంచినవి 5. ఖర్చు 86.

దశ 4: తెల్లకొండలు, చిన్న రేవు (ఆగస్టు–సెప్టెంబరు)

ఊరికి దక్షిణాన కలాంక్‌లు. తెల్ల సున్నపురాయి కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన ఇరుకు చీలికలు. 2012 నుంచి నేషనల్ పార్కు. ఇక్కడ నా తప్పులన్నీ కెమెరా బయటివే:

1. ఆగస్టులో రెండుసార్లు వెళ్లి వెనక్కొచ్చాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అడవి మంటల ప్రమాదాన్ని బట్టి ఏ రోజుకా రోజు దారులు మూసేస్తారు. ముందురోజు సాయంత్రమే ప్రకటిస్తారు. మిస్త్రాల్ వీచే రోజే గాలి శుభ్రం, మంట ప్రమాదం ఎక్కువయ్యేదీ ఆ రోజే.
2. సూజితోన్ అనే కలాంక్‌కి వేసవిలో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, రోజుకు 400 మందికే, డబ్బు కట్టక్కర్లేదు. 2022లో మొదలైంది. అంతకు ముందు రద్దీ రోజుల్లో 2,500 మంది దాకా దిగేవారట, కాళ్ల కింద మట్టి జారిపోయి పైన్ చెట్ల వేళ్లు బయటపడ్డాయి. ఆ వేళ్లు చూశాక ఈ నియమం మీద నాకు ఫిర్యాదు లేదు.
3. డ్రోను తెచ్చుకోకండి. పార్కు ప్రధాన ప్రాంతంలో అనుమతి లేనిదే ఎగరేయకూడదు.

కెమెరా తప్పు ఒకటే. 24 మి.మీ. దగ్గర పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) తిప్పితే ఆకాశం మధ్యలో ముదురు నీలం పట్టీ పడింది, అటూ ఇటూ వెలిసిపోయింది. వెడల్పు లెన్సులో ఆకాశం చాలా భాగం వస్తుంది, పోలరైజేషన్ అంతటా ఒకేలా ఉండదు. 50 మి.మీ.కి మారి, ఆకాశం పైఅంచున వేలెడంతే ఉంచాను. పోలరైజర్ పని నీటి మీదే: మెరుపు తీసేస్తే అడుగున రాళ్లు లెక్కపెట్టొచ్చు. తెల్లరాయి తెల్లగా మిగలాలంటే 0.7 స్టాపు తగ్గించాలి. సూజితోన్ ఒకటి, కాల్‌లోంగ్ దగ్గర రోడ్డు ఆగిపోయే చోట తీసింది ఒకటి, రెండూ ఉంచాను.

వల్లోన్ దేజోఫ్ అనే బుల్లి రేవు కోర్నీష్ వంతెన కమానుల వెనక దాక్కుని ఉంటుంది. తాళ్లు పేనే గడ్డి పేరు మీద వచ్చిన పేరు. ‘పొయింతూ’ అనే రెండు కొసలూ మొన తేలిన చెక్క పడవలు రంగురంగులుగా ఆగి ఉంటాయి. పొద్దు గుంకాక 25 నిమిషాలకి, 8 సెకన్ల ఎక్స్‌పోజర్. గోడలు, దీపాలు అద్భుతం, పడవలు దూదిపింజలు. పైన గాలి లేదు, అయినా పడవలు ఊగుతున్నాయి. వల సర్దుకుంటున్న పెద్దాయన్ని అడిగాను. “గాలి మొన్న ఆగింది బాబూ, అల ఇంకా పడుకోలేదు. రేపు కూడా వద్దు, ఎల్లుండి రండి” అన్నాడు. ఎల్లుండి వెళ్లాను. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 1600, అర సెకను, 30 ఫ్రేములు. నాలుగింటిలో పడవ అంచు మీది రంగు పెచ్చులు కూడా తెలిశాయి.

అప్పటి నుంచి నోటుబుక్కులో రెండు వరసలు రాస్తున్నాను: గాలి ఆగిన వేళ, అల ఆగిన వేళ. మిస్త్రాల్ తగ్గిన మొదటి పూట దూరపు ఫోటోలకి. మూడో రోజు నీళ్ల పక్క ఫోటోలకి.

ఇప్పటిదాకా లెక్క: రోజులు 31. ఫ్రేములు 1,486. ఉంచినవి 8. ఖర్చు 118.

దశ 5: 250 కి.మీ. అవతలి కొండ (అక్టోబరు–ఫిబ్రవరి)

ఈ ప్రాజెక్టులో నా ప్రాణమంతా ఈ ఒక్క ఫోటో మీదే ఉంది. స్పెయిన్ సరిహద్దుకు దగ్గర్లో, పిరనీస్ పర్వతాల్లో కానిగూ అనే శిఖరం, ఎత్తు 2,785 మీటర్లు. ఆ ఎత్తుకి సున్నా ఏదంటే, నేను జూన్‌లో ఫోటో తీసిన కోర్నీష్ బావే. మార్సెయ్ నుంచి అది 250 కి.మీ. పైన ఉంది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల చాలా భాగం సముద్రపు గీత కిందే ఉంటుంది, పైకి తేలే కాస్తా దూరపు గాలి మసకలో కలిసిపోయి మామూలు పగటిపూట కనిపించదు. కానీ ఏడాదిలో రెండుసార్లు, ఫిబ్రవరి రెండో వారం దగ్గర, అక్టోబరు చివర, సూర్యుడు సరిగ్గా దాని వెనక గుంకుతాడు. అప్పుడు ఆ ఎర్రటి బిళ్ల మీద శిఖరం నీడ పడుతుంది. 1808లో ఫ్రాంజ్ ఫాన్ జాక్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు నోత్ర్ దామ్ కొండ మీద నుంచే దీన్ని గమనించాడు.

లెక్క: కొండ మీద నుంచి కానిగూ దిగంశ 251 డిగ్రీలు. ఆ కాలంలో అస్తమయ స్థానం రోజుకు అర డిగ్రీ కంటే కాస్త తక్కువ జరుగుతుంది. 250 కి.మీ. దూరానికి ఆ కోణం సుమారు 2 కి.మీ. అంటే మనం ఉత్తర దక్షిణాల్లో 2 కి.మీ. జరిగితే ఫోటో తేదీ ఒక రోజు మారుతుంది. ఎవరో చెప్పిన తేదీ మీ డాబా మీద పనిచేయకపోవడానికి కారణం ఇదే.

అక్టోబరు ప్రయత్నం నా తప్పు వల్లే పోయింది. అస్తమయ వేళలు సెప్టెంబరులోనే లెక్కించి నోటుబుక్కులో రాసుకున్నాను, వేసవి టైములో. అక్టోబరు చివరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఫోను దానంతట అదే మారింది, నోటుబుక్కు మారలేదు. ఆకాశం అద్దంలా ఉంది. తీరిగ్గా 5:50కి కొండెక్కేసరికి పొద్దు గుంకి ఇరవై నిమిషాలు. సంచి మోయడానికి తోడొచ్చిన నెల్లూరు కుర్రాడు, మా పైఅంతస్తులో ఉండి చదువుకుంటున్నాడు, “అన్నా, టైము మారింది కదా, చూసుకోలేదా?” అన్నాడు. తర్వాతి రెండు సాయంత్రాలు మబ్బు. ఇక ఫిబ్రవరి దాకా ఆగాల్సిందే. ఇప్పుడు వేళలన్నీ గ్రీనిచ్ టైములో రాసి, పక్కన స్థానిక టైము పెన్సిల్‌తో రాస్తున్నాను.

మధ్యలో శీతాకాలం రెండు ఫోటోలిచ్చింది. లా మజోర్ గోడల మీది చారల రాయి, డిసెంబరు ఎండలో. కోర్నీష్ నుంచి షాతో దిఫ్, ఈసారి చల్లటి ఉదయం, గాలి మరగలేదు.

ఫిబ్రవరికి సిద్ధమైన వరస:

1. సూర్యుడి వైపు ఉన్నప్పుడు కెమెరా వ్యూఫైండర్లో కన్ను పెట్టలేదు. లైవ్ వ్యూ, అంటే వెనక తెర మీద చూడటం మాత్రమే. ఇది ఎవరూ మీరకూడదు.
2. పగలే ప్లానియే దీపస్తంభం మీద చేత్తో ఫోకస్ పెట్టి, రింగుకి టేపు వేశాను.
3. 300 మి.మీ., ఐఎస్ఓ 100, ఎఫ్/11, 1/1000తో మొదలు, బిళ్ల ఎర్రబడే కొద్దీ నిదానించాలి.
4. అంచు తగిలినప్పటి నుంచి బిళ్ల మునిగేదాకా మూడు నిమిషాలే. 4 సెకన్లకొక ఫ్రేము.

9న మబ్బు. 10న మిస్త్రాల్, నిలబడలేకపోయాను. 11న మధ్యాహ్నానికి గాలి తగ్గింది. గుడి గేట్లు మూసే వేళతో ఇబ్బంది రాకుండా బయట పడమటి పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. 6 దాటాక బిళ్ల అడుగున చిన్న పన్ను మొలిచింది. తెరమీద చూసి నా చేతులు ఆగలేదు. ఇంటికొచ్చి కొలిస్తే సూర్యుడు 458 పిక్సెళ్లు, కొండ 40. అంటే పైకి తేలింది సుమారు 200 మీటర్ల శిఖరమే. మామూలు లెక్కలో 150 మీటర్ల ఎత్తు నుంచి అదీ కనిపించకూడదు, ఆ రోజు గాలి పొరలు వెలుగుని కాస్త ఎక్కువ వంచాయి. ఏ3 ప్రింటులో అది 2.8 మి.మీ. చాలదు.

ఎత్తు పెంచడమే దారి. కలాంక్‌ల అంచున మార్సెయ్‌వేర్ కొండ, 432 మీటర్లు. అక్కడి నుంచి లెక్క ప్రకారం 700 మీటర్ల శిఖరం తేలాలి. దక్షిణానికి 7 కి.మీ. జరుగుతున్నాను, దిగంశ 253, తేదీ 15కి మారుతుంది. ఆ రోజు గాలి 30 కి.మీ. కుర్రాడూ నేనూ పగలే ఎక్కాం, దిగడానికి తల దీపాలు, దారి ముందే ఒకసారి నడిచి చూసుకున్నాం. మొదట సముద్రపు గీత నల్లబడింది. తర్వాత బిళ్ల ఎడమ అంచున ఒక గూడు, దాని పక్కన ఇంకో భుజం, చివరికి మొత్తం కొండ. 47 ఫ్రేములు. కొండ 131 పిక్సెళ్లు. కుర్రాడు “అన్నా, అది నిజంగా కొండేనా, మబ్బు కాదా?” అని మూడుసార్లు అడిగాడు. తొలి ఫ్రేముకీ చివరి ఫ్రేముకీ మధ్య దాని ఆకారం మారలేదు, అదే రుజువు.

ఇప్పటిదాకా లెక్క: రోజులు 44. ఫ్రేములు 2,290. ఉంచినవి 11. ఖర్చు 161.

దశ 6: ప్రింట్లు (ఫిబ్రవరి చివర)

మొదటి విడత ఆరు ప్రింట్లూ చీకటిగా వచ్చాయి. తప్పు ప్రింటరుది కాదు, నా తెర వెలుగు ఎక్కువ పెట్టుకుని సరిదిద్దాను. తెర పక్కన తెల్లకాగితం పెట్టి, రెండూ ఒకేలా కనిపించేదాకా తెర వెలుగు తగ్గించి మళ్లీ చేశాను. కలాంక్ తెల్లరాళ్లు 255 దగ్గర ఉంటే ఆ చోట సిరా పడక ఉత్త కాగితం కనిపిస్తుంది, 245కి దించాను. మ్యాట్ కాగితం మీద వల్లోన్ దేజోఫ్ నీడలు మూసుకుపోయాయి, ఆ ఒక్కటీ మెరిసే కాగితానికి మార్చాను. కానిగూ ప్రింటులో కొండ 9 మి.మీ., సూర్యుడు 32 మి.మీ. చేతి దూరంలో పట్టుకుంటే రెండు భుజాలూ తెలుస్తున్నాయి.

చివరి లెక్క: ఖర్చు 248 యూరోలు. గోడ మీద చట్రాలు 12, ఫోటోలు 11. పన్నెండోది షాతో దిఫ్ గోడ మీద నుంచి ఊరి దృశ్యం. నాలుగుసార్లు రేవుకి వెళ్లాను, నాలుగుసార్లూ గాలి వల్ల దీవి దగ్గర పడవ ఆగదన్నారు, పక్కనున్న ఫ్రియూల్ దీవుల దాకా మాత్రం నడిచింది. ఊరు స్పష్టంగా కనిపించేది గాలి ఉన్న పూటే, దీవి దిగనిచ్చేది గాలి లేని పూటే. మిస్త్రాల్ ఈ రాత్రికి తగ్గుతుందంటున్నారు. పొద్దున ఎండ తూర్పు నుంచి వస్తుంది కాబట్టి ఆ వేళ ఊరు ఎదురెండలో ఉంటుంది. మధ్యాహ్నం పడవకి వెళ్తున్నాను, సీసా, గుడ్డ సంచిలో పెట్టాను.